గిన్నె కింద పుట్టగొడుగు

చెల్లీ,

వంటింటి గట్టు మీద బోర్లించిన గాజు గిన్నెను కదపకు, బుడ్డిదాన్నీ ముట్టుకోనివ్వకు. దాని కింద నల్ల కాగితం మీద పుట్టగొడుగు పెట్టాను. సాయంత్రానికి దాని పొడి రాలి కాగితం మీద అచ్చు పడాలి. నువ్వు బుడ్డిదానికి నేర్పిన విద్యే.

బడి నుంచి రాగానే పాలు తాగించు. పార్కులో పుట్టగొడుగులు చూపిస్తే చూపించు గానీ, వచ్చాక సబ్బుతో చేతులు కడిగించు. ఏదీ నోట్లో పెట్టుకోనివ్వకు. నీకు తెలుసనుకో. అయినా తల్లిని కదా, చెప్తాను.

నిన్న పొద్దున జడ వేస్తుంటే, నువ్వు తెచ్చిన పుట్టగొడుగును తిరగేసి, గొడుగు కింది మడతలు చూపించింది బుడ్డిది. "కుచ్చిళ్లు భలే ఉన్నాయే" అన్నాను. "కుచ్చిళ్లు కాదమ్మా, మొప్పలు. నీకేం తెలీదు, పిన్నికి అన్నీ తెలుసు" అంది. పన్నెండేళ్లుగా కుచ్చిళ్లు కుట్టి బతుకుతున్నదాన్ని, ఒళ్లు మండిపోయింది. నువ్వొచ్చి నెలన్నా కాలేదు, అప్పుడే నిద్రలో కూడా పిన్నినే కలవరిస్తోంది.

అందుకే నిన్న మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా మా కుట్టు షెడ్డు వెనక తడిసిన చెక్కలన్నీ తిరగేశాను. ఒక్కటి దొరికింది. టిఫిన్ డబ్బాలో దాచి తెచ్చాను.

ఆరింటికల్లా వచ్చేస్తాను. గిన్నె నేనే ఎత్తాలి.

అక్క

అన్నట్టు, నేను గిన్నె ఎత్తగానే నువ్వు కూడా నోరు తెరిచి చూడు. బుడ్డిది ఆ పుట్టగొడుగు పేరు అడిగితే అమ్మనడుగు అను. ఈ ఒక్క సాయంత్రం నీకేం తెలీదు, సరేనా?