కేక వేసే సీటు

హౌలానీ అత్తయ్యకు,

మొలొకాయి దీవిలో మేమిద్దరం కులాసా. మిమ్మల్ని ఒకటి అడగాలని రాస్తున్నాను.

హిలోలో నేను పడవ క్లబ్బులో చేరిన రోజు, నోరు విప్పని నన్ను తెడ్లు పక్క మార్చమని కేక వేసే సీటులోనే కూర్చోబెట్టారు. ఎన్నిసార్లు తెడ్డు వేశామో నేను లోలోపలే లెక్కపెట్టుకున్నాను, కేక మాత్రం వెయ్యలేదు. ఎవరూ పక్క మార్చలేదు.

"అమ్మాయ్, నా చెయ్యి ఊడి సముద్రంలో పడితే నువ్వే ఈది తేవాలి!" అన్నారు మీరు వెనక సీటులోంచి. అందరూ నవ్వారుగానీ, నా బదులు ఒక్కరూ కేక వెయ్యలేదు. చివరికి "హో!" అన్నాను. తెడ్లన్నీ ఒక్కసారే మారాయి. ఎంత సంతోషమేసిందో!

రేపు ఇక్కడ ఆ సీటులో కొత్తమ్మాయి కూర్చుంటుంది. నాకన్నా బెదురెక్కువ. వెనక సీటు నాది. తను కేక వేసేలోపు నేనే అరిచేస్తానేమోనని భయంగా ఉంది. ఆ రోజు అంతసేపు మీరెలా ఓర్చుకున్నారు?

మీ కోడలు