ఛార్జర్ లేని ల్యాప్‌టాప్

ఇందిరా నగర్,
పుదుచ్చేరి, 14-6-2008

రఘునాథన్ అన్నకు,

మా తమ్ముడు ముకుందన్ వాడిన గేమింగ్ ల్యాప్‌టాప్ లాంటిదే కొనవచ్చా అని అడిగావు. తక్కువ ధరకు మంచిదే. కారు పందెం ఆట ఎక్కడా తడబడదు. కానీ ఆడేటప్పుడు ఎడమచెయ్యి పెట్టే చోట కాలిపోతుంది, ఫ్యాను మిక్సీలా అరుస్తుంది. ఛార్జర్ తీస్తే బ్యాటరీ అరగంటకు మించి రాదు.

తమ్ముడు పోయిన పదహారో రోజు కర్మకు, అరిటాకులో వాడికి ఇష్టమైన వడలు వడ్డించి పక్కనే ల్యాప్‌టాప్ కూడా పెట్టాం కదా. "వచ్చి ఆడుకోరా కన్నా" అని అమ్మ పిలిచింది. ఆకు తీసేశాం గానీ దాన్ని అక్కడే వదిలేశాం. ఛార్జరేమో ఆ రోజే పొరపాటున నీ సంచిలో మీ ఊరు అరియాంకుప్పం వచ్చేసింది.

నెల దాటింది. రోజూ మధ్యాహ్నం మూడింటికి, వాడు కాలేజీ నుంచి వచ్చే వేళకు, మూసి ఉన్న ల్యాప్‌టాప్‌లో ఫ్యాను అరుస్తోంది. సరిగ్గా అరగంట. తెరిస్తే తెర నల్లగా ఉంటుంది. ఎడమచెయ్యి పెట్టే చోటు మాత్రం కాలుతుంటుంది.

నిన్న అమ్మ దాని పక్కన కూర్చుని, "పాపం, బిడ్డ ఆట నడమనే నిలిచిపోతా ఉండాది. రఘును అడిగి ఆ ఛార్జర్ తెప్పియ్యి" అంది.

అమ్మ అడిగినా పంపవద్దు. పోయిందని చెప్పు. ఈ మాట ఫోన్‌లోనే చెప్పేదాన్ని అన్నా, కానీ మా ఫోన్ ఉన్నది ఆ ల్యాప్‌టాప్ ఉన్న గదిలోనే.

నీ చెల్లెలు