తడి ఇసకలో మడమ గుర్తులు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున కొత్తపట్నం ఒడ్డున తిరునాళ్ళ పరుగుపందెంలో నేనే ముందొచ్చాను. మిల్లు బెల్టులో కుడిచెయ్యి పోయాక, మద్రాసులో నాలాంటివాళ్ళతో పరిగెత్తి గెలిచాను గానీ, రెండు చేతులున్నవాళ్ళ మీద గెలవడం ఇది రెండోసారి.

జనం ఈలలు వేశారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఓడితే మొహం మాడ్చుకునే ఎదురింటి మస్తాన్ నవ్వుతూ వచ్చి, "శానా బాగా పరిగెత్తినావబ్బా!" అని వీపు తట్టాడు. ఒంటిచేతివాడినని జాలిపడ్డాడేమో!

"నిజం చెప్పు, కావాలనే తగ్గినావా?" అని అడిగాను.

"గెలిచి కూడా ఏడస్తావేందిరా!" అన్నాడు. నేను నమ్మలేదు.

నువ్వు నేర్పిన పనే చేశాను. నీళ్ళు వెనక్కి పోయిన తడి ఇసకలో వాడి అడుగుల వెంట వెనక్కి నడిచాను. ప్రాణం పెట్టి పరిగెత్తేవాడి కాలివేళ్ళే లోతుగా దిగుతాయనీ, వేగం తగ్గించేవాడి మడమ పడుతుందనీ చెప్పేవాడివి కదా. గెలుపు గీత దాకా వాడి మడమ ఒక్కచోట కూడా పడలేదు.

సంతోషంగా ఇంటికి రావలసింది. దారిలో ఆ మొదటి గెలుపు గుర్తొచ్చింది. అది ఇదే ఒడ్డున, నీ మీద. చెయ్యి పోయి మూలన కూర్చున్న నన్ను మళ్ళీ పరుగులో పెట్టింది ఆ గెలుపే. ఆ రోజు నేను గీత దాటగానే నన్ను భుజాలమీద ఎక్కించుకుని, కేకలు పెడుతూ ఊళ్ళోకి తీసుకుపోయావు. దించమన్నా దించలేదు.

ఆ ఇసకలో నీ అడుగుల్ని నన్ను చూడనివ్వలేదెందుకన్నా?