కొలోంబాలో ఏమీ కూలలేదు

నేపుల్స్, సనితా పేట
జనవరి 9

కొలోంబా నాటకశాల కార్యదర్శి దొత్తోర్ లిబోరియో కకాచె గారికి,

ఎర్మెలిందా వందనాలు. మా ఆయన రుజ్జేరో స్కోన్యమిల్యో స్వరపరిచిన ఒపెరా ‘జాలరి వీలునామా’ నిన్నటితో పూర్తయింది. ఆరేళ్ళు పట్టింది. నాలుగు వందల పన్నెండు పేజీలు. ఆయన రాత కోడి గెలికినట్టుంటుంది కాబట్టి, ఎప్పటిలాగే శుద్ధప్రతి నేనే తీశాను.

“పూర్తి కానివ్వండి, తప్పక ఆడిస్తాం” అని మీరు మూడేళ్ళ క్రితం అన్నారు. ఆయనకిప్పుడు యాభై ఎనిమిది. ఇది కూడా ఆడకపోతే ఇక సంగీతం ముట్టనని, మెట్రోలో టికెట్లు చూసే పనికి వెళ్ళిపోతానని ఒట్టు పెట్టుకున్నారు. ఆయన మాట మీద నిలబడే మనిషి. నా భయమంతా అదే.

జవాబు కోసం చూస్తూ,
ఎర్మెలిందా

తా.క. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఈమెయిల్ తిరిగి వచ్చింది. అందుకే ఈ స్టాంపు.


కొలోంబా నాటకశాల
జనవరి 16

గౌరవనీయులు దొన్నా ఎర్మెలిందా గారికి,

మీ ఉత్తరం అందింది. ఆ రోజే మా బాయిలర్ పగిలింది. రెండింటికీ సంబంధం ఉందని నేను అనను. వయొలిన్ వాళ్ళు అంటున్నారు.

మీ వారు గొప్ప సంగీతకారులు. పేరు రాయనందుకు మన్నించాలి. నా బల్ల చెక్కది, కీడు తగలకుండా ముట్టుకుందామంటే దగ్గర్లో ఇనుము లేదు. ఆయన అడుగుపెడితే ఏదో ఒకటి జరుగుతుందని ఊరంతా అనుకుంటున్న మాట మీకు తెలియనిది కాదు. 2014లో మా దీపాల గుత్తి పడింది. 2016లో టెనర్ గాయకుడి గొంతు పోయింది. 2019లో పాత డైరెక్టరుగారి కాలు విరిగింది. నేను చదువుకున్నవాణ్ణి, ఇవేవీ నమ్మను. కానీ ఈ కుర్చీలో ఇంకో నాలుగేళ్ళు కూర్చోవాలి.

చేతులు కట్టుకుని,
లిబోరియో కకాచె

తా.క. ఇంతకుముందోసారి మీ ఫోన్ ఎత్తిన గుమాస్తాకు పెళ్ళి తప్పిపోయింది. అప్పటి మీ ఈమెయిల్ తెరిచిన కంప్యూటరు మళ్ళీ లేవలేదు. ఉత్తరాలే రాయండి. కాగితమైతే కింది గదిలోని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయొచ్చు.


జనవరి 20

దొత్తోర్ కకాచె గారికి,

పెళ్ళయిన నాటి నుంచి ఆయన ప్రతి కచేరీకీ నోటుబుక్కులో ఒక వరుస రాస్తున్నాను. మొత్తం నూట నలభై మూడు. ఏదైనా జరిగినవి మూడే, మీరు చెప్పినవే. మీ దీపాల గుత్తి గొలుసు 1961 నాటిది. పడ్డాక కూడా కొత్తది కొనకుండా ఆ పాతదానికే తీగ చుట్టి వేలాడదీశారు. టెనర్ ముందురోజు మూడు ఐస్‌క్రీములు తిన్నాడు, అమ్మినావిడ మా పక్కింటావిడే. డైరెక్టరుగారు కాలు విరగ్గొట్టుకుంది మంచుకొండల మీద. ఆ రోజు పొద్దున కచేరీ అయ్యాక మా ఆయన ఇంట్లో కూర్చుని నాతో టమాటాలు ఒలిచారు.

నిన్న ఆయన కాఫీకి వెళితే కొట్టు యజమాని చీరో గుమ్మంలోనే ఆపేశాడట. “మాస్టారూ, మాస్టారూ! మీరక్కడే ఉండండి, కాఫీ నేను తెస్తా. డబ్బులొద్దు, దండం పెడతా. నా మెషిన్ కొత్తది బాబూ!”

“ఊరికే కాఫీ దొరికింది లిందా” అని ఇంటికొచ్చి నవ్వారు. తర్వాత అన్నం ముట్టలేదు.

మీరు చదువుకున్నవారన్న నమ్మకంతో,
ఎర్మెలిందా

తా.క. మీ బాయిలర్ నా ఉత్తరం కంటే ముందే పగిలింది. తలుపు తీసేసరికే మీ ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉందని పోస్ట్‌మాన్ చెప్పాడు.


మార్చి 3

దొన్నా ఎర్మెలిందా గారికి,

బోర్డు ఆరు గంటలు కూర్చుంది. నవంబరు పదిహేడు మాకు ఏటా ఖాళీయే. పదిహేడు అశుభ సంఖ్య, ఆ తారీఖున తెర ఎత్తే మగాడు ఈ దేశంలో లేడు. ముల్లును ముల్లుతోనే తీయాలి కదా అని, ఆ తేదీ మీ వారికి ఇస్తున్నాం. పోస్టరు మీద పేరు ఉండదు. స్వరప్రతి మీద కూడా ఉండకూడదు. వాద్యబృందాన్ని వేరొకరు నడిపిస్తారు. ఆ రోజు మీ వారు రేవు దాటి ఇటు రాకూడదు.

ఇంతకంటే నా వల్ల కాదు,
కకాచె

తా.క. దయచేసి ఊదా సిరాతో రాయకండి. అపశకునమని నాటకశాలలోకి ఆ రంగు రానివ్వం. మీ గత ఉత్తరాన్ని పటకారుతో పట్టుకుని చదివాను.


మార్చి 7

దొత్తోర్ గారికి,

ఆయనకు చెప్పాను. “బిడ్డ బడికి వెళ్తే చాలు లిందా. తండ్రి పేరు తర్వాత రాయించుకుందాం” అన్నారు.

ఏమీ జరగకపోతే రెండో ఆట నుంచి ఆయన పేరు వేస్తామని రాసివ్వండి.

నల్ల సిరాతో,
ఎర్మెలిందా


మార్చి 12

రాసిచ్చాం. ఏమీ జరగకపోతే.

కకాచె


నవంబరు 19

మహా గౌరవనీయులు దొన్నా ఎర్మెలిందా గారికి,

ఇరవై రెండు నిమిషాలు చప్పట్లు! చివరి పాటకు మా అగ్నిమాపకుడు కూడా ఏడ్చాడు. ఏమీ కూలలేదు. పదిహేడో తారీఖు, నిండు సభ, రంగస్థలం మీద నిజమైన మంట, నిచ్చెన మీద నూరు కిలోల గాయని. ఒక్క మేకు ఊడలేదు.

సరిగ్గా అందుకే మీ వారి పేరు వేయలేకపోతున్నాం. ఇది ఆయనదే అయితే ఇలా జరిగేదా, మీరే చెప్పండి? ఇది ఆయన రాసింది కాదని బోర్డు ఏకగ్రీవంగా తేల్చింది. మరి ఎవరు రాశారు? ఇనప్పెట్టెలోంచి మీ ఉత్తరాలు తీసి స్వరప్రతి పక్కన పెట్టాను. ఒకటే చేతిరాత! నాలుగు వందల పన్నెండు పేజీలూ!

అమ్మా, భర్త పరువు కోసం ఇన్నేళ్ళు దాచారా? రెండో ఆటకు మీ పేరు వేస్తున్నాం. పై ఏటికి కొత్త ఒపెరా కూడా మీరే రాయాలి.

మీ పాదాలకు మొక్కుతూ,
లిబోరియో

తా.క. ‘శుద్ధప్రతి నేనే తీశాను’ అని మొదటి ఉత్తరంలోనే రాశారు. ఎంత వినయం!


నవంబరు 23

దొత్తోర్ కకాచె గారికి,

అందులో నేను కట్టిన స్వరం ఒక్కటీ లేదు. ఉల్లిపాయలు తరుగుతూ నేను పాడితే మా పిల్లి గోడ దూకి వెళ్ళిపోతుంది.

మీ ఉత్తరం ఆయన మూడుసార్లు చదివారు. చివరికి, “వాళ్ళన్నదే నిజమేమో లిందా. నేను రాసుంటే ఏదో ఒకటి పడేది కదా” అన్నారు. అంటూ లేచి పొయ్యి ఇనుము ముట్టుకున్నారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అలా చేయడం నేను చూడలేదు.

మళ్ళీ ఆయనే, “సంతకం పెట్టు. ఎవరో ఒకరి పేరుంటేనే అది ఆడుతుంది” అన్నారు. పెట్టాను, కాగితం ఇందులోనే ఉంది. రెండు షరతులు. రెండో ఆటకు ఆయనకు పై అంతస్తులో చివరి సీటు ఇవ్వాలి. ఆ రోజు ఏదైనా కూలితే, మర్నాడే నా పేరు కొట్టేసి ఆయన పేరు వేయాలి.

ఎవరికీ దెబ్బ తగలకూడదు. దీపాల గుత్తి కింద సరిగ్గా తొమ్మిది సీట్లున్నాయి. లెక్కపెట్టాను. అవి అమ్మకండి.

రాయని ఒపెరాకు రచయిత్రి,
ఎర్మెలిందా స్కోన్యమిల్యో

తా.క. నిన్నటి నుంచి ఆయన పునీత అన్నా పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, ఒక్క చిన్న దీపమైనా పడాలని మొక్కుకుంటున్నారు. పక్కనే నేనూ. ఆ 1961 నాటి గొలుసు ఇంకా మార్చలేదు కదా?