నాలుగు డిగ్రీల చుక్క

అక్టోబరు 19

ఉదయం అరుణ రెండు చెంచాల బార్లీ నీళ్ళు తాగింది. డెంగ్యూ. ప్లేట్‌లెట్లు ఎక్కించారు, నిలవలేదు. పదింటికి నన్ను గుర్తుపట్టింది. మధ్యాహ్నం పట్టలేదు. సాయంత్రం పోయింది. ఆసుపత్రి నుంచి భవానీపూర్ ఇంటికి వచ్చి, పొద్దున వేసిన పాలపాకెట్టు లోపల పెట్టాను.

అక్టోబరు 31

ఆఫీసుకు వెళ్ళాను. తిరిగి వచ్చేశాను.

నవంబరు 6

అరుణ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న చిన్మయి ఫోన్ చేసింది. అరుణ చివరిసారి ల్యాబులో పెట్టిన ట్రేలో, ఒక ప్రోటీన్ చుక్కలో క్రిస్టల్ వచ్చిందట. బాక్టీరియా పొరలో ఉండి చక్కెరను లోపలికి చేరవేసే ప్రోటీన్ అది. చక్కెరను పట్టుకున్నప్పుడు దాని ఆకారం ఎలా ఉంటుందో తెలుసుకోవాలని అరుణ ఏళ్ళ తరబడి పని చేసింది. క్రిస్టల్ ఉంటేనే ఎక్స్‌రేలో తెలుస్తుంది. వచ్చే వారం ఇండోర్‌లోని ఎక్స్‌రే కేంద్రానికి పంపుతారు. అంతవరకు నాలుగు డిగ్రీల చల్లగదిలోనే ఉండాలి. ఇదొక్కటే ఉంది.

నవంబరు 7

అరుణ వాళ్ళమ్మ, మా అత్త జగ్గమ్మ, డాక్ దగ్గరి వాట్‌గంజ్ నుంచి వచ్చింది. క్రిస్టల్ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"నా పిల్ల సేతి పని గదా బాబూ. అంపేసే ముందు ఓపాలి సూపించు."

నవంబరు 8

ల్యాబుకు తీసుకువెళ్ళాను. మైక్రోస్కోప్ చల్లగది బయట ఉంది. బయటి వేడికి రెండు నిమిషాలే ఆగుతుంది సార్ అని చిన్మయి ముందే చెప్పింది. అత్తకు కంట్లో శుక్లం. చాలాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత కనబడింది.

"ఏటిది, పటికబెల్లం పలుకులాగుంది."

ఇక కన్ను తీయలేదు. దానితో మాట్లాడటం మొదలుపెట్టింది. చిన్నప్పుడు అన్నం తినకుండా డాక్ గేటు దాకా పరిగెత్తించావని తిట్టింది. మొన్న నాకంటే ముందు పోవడమేమిటని తిట్టింది. చిన్మయి నా వైపు చూసింది. అత్త భుజం మీద చెయ్యి వేసి లేపాలి. వేయలేకపోయాను.

నవంబరు 9

కరిగిపోయింది. చుక్కలో ఏమీ లేదు. మళ్ళీ చల్లగదిలో పెట్టినా రాలేదట. పెద్దావిడను లేవమనలేకపోయానని చిన్మయి ఫోన్‌లో ఏడ్చింది. నేనూ అనలేకపోయానని చెప్పాను. ఆ ప్రోటీన్ ఇక మిగల్లేదు. బాక్టీరియా నుంచి దాన్ని తీయడం తనకు ఒక్కసారీ కుదరలేదట. అరుణ చేతికే వచ్చేదట.

పక్క చుక్కల్లో ఉప్పు స్ఫటికాలు ఉన్నాయట. పనికిరావు. చూడటానికి ఇంకా బాగుంటాయట.

నవంబరు 10

అత్త వాట్‌గంజ్ అంతా చెప్పుకుంది. క్రిస్టల్ ఇండోర్ వెళ్ళేలోపు ఇంకోసారి చూస్తుందట. పక్కింటి దుర్గాంబను కూడా వెంటబెట్టుకు వస్తుందట.

రేపు ఉదయం ఇద్దరికీ ఉప్పు చూపిస్తాను. ఎంతసేపైనా చూడనిస్తాను.