చక్రం వేలాడదీసి కొలవాలి

నార్కట్‌పల్లి,
జులై 2022

చిరంజీవి భాగ్యశ్రీకి బాపు దీవించి రాయునది. ఇక్కడ నేనూ మీ అమ్మా తింటున్నాం, తిరుగుతున్నాం. అంతకు మించి క్షేమం అని రాయడానికి మనసు ఒప్పలేదు. నీ పేరు ముందు సౌభాగ్యవతి అని రాసే అలవాటు చేతికి ఇంకా పోలేదమ్మా. అలా రాసేసి ఒక కాగితం చింపేశాను.

నేను ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాశావు. మొండితనంలో బాపును మించావు. విజేందర్ ప్రాణం తీసిన జీపును బాగు చేయించి, అమ్రాబాద్ అడవి దారిలో ఇక నువ్వే నడుపుతానంటే మీ అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. నాకూ ఇష్టం లేదు. బస్ డిపోలో బ్రేకులు చూసి బతికినవాణ్ణి. అల్లుణ్ణి మింగిన బండికి ఏ బ్రేకు పైపులు కొనాలని బిడ్డే అడిగితే ఏం చెప్పను? కానీ నేను చెప్పకపోతే నువ్వు ఇంకెవరినో అడుగుతావు. అందుకే విను.

రాళ్ళ దారికని విజేందర్ ఆ జీపుకు చక్రాల మీద బండి బరువు మోసే కమాన్ కట్టలు పెద్దవి వేయించి ఎత్తు పెంచాడు. ఎత్తు పెంచిన బండికి గుంత వస్తే చక్రం ఎక్కువ కిందికి జారుతుంది. కాబట్టి బండి నేల మీద నిలబడి ఉండగా పైపు కొలవకూడదు. చట్రం కింద స్టాండ్లు పెట్టి చక్రాన్ని పూర్తిగా వేలాడనివ్వాలి. స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి అప్పుడు కొలవాలి. పైపు బిగుసుకోకూడదు, మెలి పడకూడదు, టైరుకు రాసుకోకూడదు.

నిన్న హైదరాబాద్ వెళ్ళి దుకాణాలు తిరిగాను. ఒకడు స్టీలు అల్లిక పైపులు తెచ్చి ముందు పోశాడు.

"కాకా, ఎట్ల మెరుస్తున్నయో సూడు. అడవిల తిరిగెటోళ్ళంత గివే తీస్కపోతున్నరు."

"మెరుస్తె బ్రేకు పడ్తదా? దీని మీద తయారైన తేదీ ఏది? పరీక్ష చేసిన ముద్ర ఏది?"

"నీకు పైపు గావాల్నా, దాని జాతకం గావాల్నా?"

"రెండూ గావాలె. నడిపేది నా బిడ్డ."

వాడి పైపులు వాడి ముందే వదిలి బయటికి నడిచాను. మరో దుకాణంలో ముద్ర ఉన్నవి, ఫ్యాక్టరీలోనే చివరలకు బిగింపులు నొక్కినవి ఉన్నాయి. కొలత చెబితే తెప్పిస్తామన్నారు. ముందువీ వెనకదీ అన్నీ ఒకేసారి మార్చాలి, రాగి వాషర్లు కూడా కొత్తవే వేయాలి. బ్రేకు పైపు బదులు డీజిల్ పైపు వేసి క్లిప్పు బిగిస్తే చాలని ఎవడైనా అంటే వాణ్ణి గడప తొక్కనివ్వకు.

మీ అత్త నర్సింగమ్మ ఇల్లు దాటి బయటికి రావడం లేదని రాశావు. ఎలా వస్తుంది? సలేశ్వరం జాతరకు జనాన్ని దింపి వస్తూ ఆమె కొడుకు తాగి నడిపి లోయలో పడ్డాడని ఊరంతా అన్నారు. నువ్వూ నమ్మావు. తాగనని నీ చేతిలో చెయ్యి వేసి మాట తప్పాడని, శవం దగ్గర కూడా కంట నీరు పెట్టలేదు.

ఇన్నాళ్ళూ నోట్లోనే ఉంచుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. జీపును పైకి లాగిన రోజు నేను దాని కిందికి దూరి చూశాను. ఎత్తు పెంచారు కానీ పైపులు పాతవే ఉంచారు. చక్రం గుంతలోకి దిగినప్పుడు పొడవు చాలక ముందు పైపు తెగింది. తెగిన పైపు ఊరికే ఉంటే చుక్కలు చుక్కలుగా కారుతుంది. కానీ చక్రం లోపలి వైపంతా బ్రేకు ఆయిల్ చిమ్మి ఉంది, పైన ఆ ఆయిల్ పోసే డబ్బా ఖాళీ. బ్రేకు ఒక్కసారి తొక్కితే అంత చిమ్మదు. మళ్ళీ మళ్ళీ తొక్కాడమ్మా. దవాఖానలో అతని ముఖం తుడిచింది నేనే. కల్లు వాసన లేదు.

ఎందుకు దాచావంటావు. మొగుడి మీద కోపంతోనైనా నువ్వు నిలబడతావని అనుకున్నాను. నిజం చెబితే కూలిపోతావని భయపడ్డాను. నిన్ను కాపాడుకోబోయి ఒక మంచివాడి పేరు మట్టిలో కలుస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. అది తప్పు. నాకు నిద్ర పట్టడం లేదు.

ఆదివారం వస్తాను. కొలిచేది నేనే, బిగించేది నేనే. ఆ తర్వాత బండి నువ్వే నడుపు, అడ్డం రాను. ఈ ఉత్తరం ముందు మీ అత్తకు చదివి వినిపించు. మాట తప్పి పోలేదు బిడ్డా అతను, నీ దగ్గరికి రావాలనే చివరిదాకా తొక్కాడు. ఇప్పుడన్నా అతని కోసం ఏడువు.

ఇట్లు,
అల్లుడి తరఫున ఆలస్యంగా నోరు విప్పిన
నీ బాపు లింగస్వామి