వాగు దగ్గర ఆగిన రాయి

బావగారికి నమస్కారాలు.

మీరు ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నేలలో ఎక్కడ ఏ రాయి ఉందో చూపిస్తూ మీ ఆఫీసూ మా ఆఫీసూ గీసిన పటాలు కంప్యూటర్లో ఒకదానికొకటి అతికేలా, అందరికీ ఒకే పద్ధతి తయారుచేసే పని నా నెత్తిన పడిందని మీకు తెలుసు. రెండు పటాలూ పక్కపక్కన పెడితే సరిహద్దు వాగు దగ్గర రాయి ఠక్కున ఆగిపోయింది. ఒకే రాయిని ఇటు మేం 'సున్నపురాయి' అన్నాం, అటు మీరు 'తొలినాటి పొర' అన్నారు. రాయి పేరు రాయడానికి పట్టికలో గడి ఒకటే ఉంది. అందుకని మా పేరు ఉంచేశాను. ఆదివారం మీరూ అక్కా పాపను చూడటానికి వస్తున్నారు కదా.

మీ బావమరిది

తా.క.: పాప ఏడిస్తే అచ్చం మీరు మీటింగులో మాట్లాడినట్టే ఉంటుంది.

*

చిరంజీవి బావమరిదికి,

ఉంచేశావా? ఆ వాగు ఒడ్డున ఎండనపడి, సుత్తి పట్టుకుని తిరిగినవాణ్ణి నేను. అప్పటికి నీకు నిక్కరు బొత్తాం పెట్టుకోవడం కూడా రాదు. నా పేరు కొట్టేసినవాడి గడప నేను తొక్కను.

బావ

తా.క.: మీ అక్క సంచి సర్దింది. నేను విప్పాను. మళ్ళీ సర్దుతోంది.

*

బావగారికి,

కోపం తగ్గిందనుకుని రాస్తున్నాను. రాయి కోసం మనం పోట్లాడుకోవడం ఏమిటి? పోనీ, పాప ముఖం చూసి మీ పేరే ఉంచుతాను. ఇకనైనా రండి.

మీ బావమరిది

తా.క.: మా ఆఫీసులో ఇప్పుడు నాతో ఎవరూ మాట్లాడటం లేదు.

*

బావమరిదికి,

మొన్నటి 'చిరంజీవి' ఈసారి కావాలనే తీసేశాను. పసిపిల్ల ముఖం చూసి రాయి పేరు మారుస్తావా? నీ దానం నాకక్కర్లేదు. వాగు దాకా నీ రాయి, వాగు దాటాక నా రాయి. మన రాకపోకలూ అంతే.

బావ

తా.క.: మీ అక్క ఒక్కతే బయల్దేరింది. వంట నేనే చేసుకుంటున్నాను. గిన్నె అడుగున మాడిన పొర ఏనాటిదో నాకే అంతుపట్టడం లేదు.

*

చిరంజీవి బావమరిదికి,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. మీ అక్క ఏదని అందరూ అడుగుతున్నారు. పక్కింటావిడతో పుట్టింటికి వెళ్ళిందన్నాను. మా ఆఫీసరుతో మేనకోడల్ని చూడటానికన్నాను. పాలవాడితో తమ్ముడింటికన్నాను. ఇల్లు ఒకటే, ఏ మాటా అబద్ధం కాదు. అప్పుడు బుర్రకెక్కింది. ఆ రాయి దేనితో అయిందో నువ్వు చెప్పావు, ఎప్పటిదో నేను చెప్పాను. తప్పు నీదీ కాదు, నాదీ కాదు, ఆ ఒంటి గడిది. పక్కన రెండోది పెట్టు, రెండు పేర్లూ ఉంటాయి, రాయి వాగు దాటుతుంది. మా ఇల్లు బావురుమంటోంది.

బావ

తా.క.: దీనికి స్టాంపు ఏదని వెతక్కు. మీ మెట్ల మీద కూర్చుని రాశాను, తలుపు కింద నుంచి తోస్తున్నాను. గడప ఇంకా తొక్కలేదు, మాట మీదే ఉన్నాను. సంచి నేనే సర్దుకున్నాను, తువ్వాలు మర్చిపోయాను. పాప మేలుకుని ఉంటే తలుపు తియ్యి. పడుకుని ఉంటే చప్పుడు కాకుండా తియ్యి.